ఇంజన్ ఒక్కటే మారితే సరిపోదు: పాత షెవర్లే ట్రక్కుల రెస్టోమాడ్ సంగతి

"1970 షెవర్లే సీ10. షార్ట్ బెడ్. 5.3 ఎల్‌ఎస్ స్వాప్, 4ఎల్60ఈ గేర్‌బాక్స్, ముందు డిస్కులు, 4/6 డ్రాప్." అమెరికాలో పాత పికప్ ట్రక్కు అమ్మకానికి పెడితే ప్రకటన దాదాపు ఇలాగే ఉంటుంది. డాలస్, హ్యూస్టన్ వైపు ఉంటున్న తెలుగువాళ్లకు ఈ బండ్లు రోడ్డు మీద తరచూ ఎదురవుతూనే ఉంటాయి. కొందామని ఆశపడి ప్రకటన చదివితే మాత్రం సగం మాటలు అర్థం కావు. అర్థమైన సగంలోనూ, ఒకే ఏడాది ఒకే మోడల్ బండ్లు రెండు పక్కపక్కన నిలబడితే ఒకదాని ధర రెండోదానికి రెండు మూడు రెట్లు ఎందుకుంటుందో అంతు చిక్కదు.

ఆ ఒక్క వరుసను విప్పి చూద్దాం. అందులో రాసినవాటికంటే రాయనివే బండి మంచిచెడ్డలు తేలుస్తాయి.

ముందు మాటలు తేల్చుకుందాం

పాత బండిని ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలా తీసుకురావడం రెస్టొరేషన్. అదే కార్బురేటర్, అదే రంగు, వీలైతే అవే బోల్టులు. బయటి రూపం పాతదే ఉంచి లోపల ఇంజన్, గేర్లు, బ్రేకులు, సస్పెన్షన్ ఇప్పటి కాలానివి పెడితే అది రెస్టోమాడ్. ఈ రెండు మాటల మధ్య గీత అంత గట్టిది కాదు. డ్రమ్ బ్రేకులు తీసి డిస్కులు పెట్టి మిగతాదంతా అలాగే ఉంచిన బండిని ఏమనాలి? చాలామంది దాన్ని "డ్రైవర్" అంటారు. అంటే ప్రదర్శనకు కాకుండా రోజూ తోలుకోవడానికి సిద్ధం చేసిన బండి. మలుపుల్లో, బ్రేకుల్లో స్పోర్ట్స్ కారుతో పోటీపడేలా తయారుచేస్తే "ప్రో టూరింగ్". ఎండకు వెలిసిన అసలు రంగును, పైపై తుప్పును అలాగే ఉంచి లోపల మాత్రం అన్నీ మార్చితే "పటీనా" బండి.

ఇది మనకు మరీ కొత్త సంగతేమీ కాదు. పాత విల్లీస్ జీపుల్లో పెట్రోల్ ఇంజన్ దించేసి డీజిల్ ఇంజన్ ఎక్కించడం మన షెడ్లలో ఒకప్పుడు మామూలు పని. ఎక్కించిన ఇంజన్‌కు తగ్గ మౌంటింగులు, షాఫ్టు, రేడియేటర్ దొరక్క పడిన పాట్లు ఆ మెకానిక్కులకు బాగా తెలుసు. అక్కడ జరిగేదీ అదే, కాకపోతే కొలతలు పెద్దవి.

ఈ ట్రక్కే ఎందుకు

సీ10లో "సీ" అంటే వెనక చక్రాలకే నడక ఉన్న బండి. నాలుగు చక్రాల నడక ఉంటే "కే". "10" అంటే అర టన్ను తరగతి. 1967 నుంచి 1972 వరకు వచ్చిన తరం మీదే ఇప్పుడు అందరి కన్నూ. దానికి కారణాలు చూపులోనే కాదు, కింద కూడా ఉన్నాయి.

ముందు వైపు ఏ చక్రానికి ఆ చక్రం విడిగా ఆడే సస్పెన్షన్, కాయిల్ స్ప్రింగులు. ఆ రోజుల్లో పని బండ్లకు వెనక కమాన్ పట్టీలే వాడకం. షెవర్లే మాత్రం చాలా సీ10లకు వెనక కూడా కాయిల్ స్ప్రింగులే ఇచ్చింది. ఇరుసును రెండు పొడవాటి చేతులు ముందుకు లాగి పట్టుకుంటాయి. ఈ "ట్రక్ ఆర్మ్" అమరిక ఎంత బాగుందంటే, నాస్కార్ రేసు కార్లు దాన్నే తీసుకుని దశాబ్దాల పాటు వాడాయి. 1970 నాటి అర టన్ను ట్రక్కు ఈనాటి టైర్లతో మలుపు తీసుకోగలుగుతోందంటే పునాది అక్కడుంది.

తొట్టి (ప్రకటనలోని "బెడ్") రెండు పొడవుల్లో వచ్చేది. చిన్న తొట్టి బండికి ముందు వెనక ఇరుసుల మధ్య 115 అంగుళాలు, పెద్ద తొట్టికి 127. రైతులు, కాంట్రాక్టర్లు పెద్దదే కొన్నారు. ఇప్పటి కొనుగోలుదారులు చిన్నదే కావాలంటున్నారు. దీనివల్ల వచ్చే చిక్కు గురించి తర్వాత చెప్పుకుందాం.

255, 175, 285: హార్స్‌పవర్ అంకెల తిరకాసు

పాత ఇంజన్‌కు, కొత్త ఇంజన్‌కు పోలిక పెట్టేటప్పుడు ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. 1970 ట్రక్కులో 350 ఘనపు అంగుళాల వీ8 ఇంజన్‌కు షెవర్లే ప్రకటించిన శక్తి 255 హార్స్‌పవర్. 1972లో అదే కొలత ఇంజన్‌కు వేసిన అంకె 175. రెండేళ్లలో 80 గుర్రాలు ఎటు పోయాయి?

చాలావరకు ఎక్కడికీ పోలేదు, కొలిచే పద్ధతి మారింది. 1971 దాకా "గ్రాస్" లెక్క రాసేవారు. ఇంజన్‌ను స్టాండు మీద బిగించి, ఆల్టర్నేటర్ లేకుండా, ఎయిర్ క్లీనర్ లేకుండా, బండి సైలెన్సర్ లేకుండా గాలి పీల్చుకోనిచ్చి కొలిచిన శక్తి అది. 1972 నుంచి "నెట్" లెక్క వచ్చింది. బండిలో ఉన్నట్టే అన్నీ తగిలించి కొలుస్తారు. తక్కువ సీసం ఉన్న పెట్రోలుకు సరిపడేలా 1971లో కంప్రెషన్ తగ్గించడం వల్ల కూడా కొంత పోయింది, కానీ పెద్ద తేడా కొలతదే.

ఇప్పుడు ప్రకటనలోని 5.3 ఎల్‌ఎస్ స్వాప్ సంగతి చూద్దాం. స్వాప్ అంటే అసలు ఇంజన్ తీసేసి వేరేది ఎక్కించడం. ఎల్ఎం7 అనే ఈ 5.3 లీటర్ల ఇంజన్ 1999 నుంచి షెవర్లే సిల్వరాడో ట్రక్కుల్లో వచ్చింది. ఏడాదిని బట్టి 270 నుంచి 295 హార్స్‌పవర్. ఇది నెట్ లెక్క. "255 ఉన్న ఇంజన్ తీసి 285 పెట్టారు, 30 గుర్రాల కోసం ఇంత ఖర్చా" అని అడిగేవాళ్లు గ్రాసును నెట్టుతో పోలుస్తున్నారు. సరైన పోలిక 175కీ 285కీ మధ్య. తేడా 110.

మరో సంగతి. పాత ఇంజన్ చలిలో స్టార్ట్ అయ్యే తీరు, ఘాట్ రోడ్డు ఎక్కితే కార్బురేటర్ మిశ్రమం చెడిపోవడం, లీటరుకు వచ్చే మైలేజీ ఏ హార్స్‌పవర్ అంకెలోనూ కనిపించవు. కంప్యూటర్ అదుపులో ఉండే ఇంధన ఇంజెక్షన్ వల్ల రోజూ తోలేవాడికి కలిగే సుఖం ఆ 110 గుర్రాల కంటే పెద్దదని నా అభిప్రాయం.

ఎల్‌ఎస్ మీద అంత మోజు ఎందుకు

1955లో మొదలైన షెవర్లే స్మాల్ బ్లాక్ వీ8కు 1997లో వచ్చిన వారసుడే ఎల్‌ఎస్ కుటుంబం. మొదటిది ఎల్‌ఎస్1, 5.7 లీటర్లు, ఆ ఏడాది షెవర్లే కార్వెట్ స్పోర్ట్స్ కారులో 345 హార్స్‌పవర్. సిలిండర్ల మధ్య దూరం పాత ఇంజన్‌లాగే 4.4 అంగుళాలు కావడంతో వెడల్పు, పొడవు పెద్దగా పెరగలేదు. వాల్వులు నడిపే కామ్‌షాఫ్ట్ కూడా పాతదానిలా బ్లాకులోనే ఉంటుంది కాబట్టి తలలు (సిలిండర్ హెడ్లు) చిన్నవి. ఫోర్డ్ 5.0 కొయోటీ లాంటి ఇంజన్లకు తల మీదే నాలుగు కామ్‌షాఫ్టులు ఉండటంతో అవి వెడల్పుగా ఉండి పాత బండి బానెట్ కింద ఇరుకు చేస్తాయి. సీ10 బానెట్ కింద ఎల్‌ఎస్ దర్జాగా కూర్చుంటుంది.

దానికి తోడు సరఫరా. 1999 తర్వాత షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్ ట్రక్కుల్లో, ఎస్‌యూవీల్లో ఈ ఇంజన్లు లక్షల్లో వచ్చాయి. పాత సామాన్ల యార్డుకు వెళ్తే 4.8, 5.3, 6.0 లీటర్ల ఇనప బ్లాకు ఇంజన్లు దొరుకుతాయి. కొత్తగా పెట్టెలో కావాలంటే 6.2 లీటర్ల ఎల్‌ఎస్3 ఉంది, 430 హార్స్‌పవర్.

ప్రకటనలో రాయని నాలుగు చోట్లు

ఇంజన్‌ను మౌంటింగుల మీద కూర్చోబెట్టడం ఒక రోజు పని. ఆ తర్వాత మొదలవుతుంది అసలు కథ.

మొదటిది ఆయిల్ సంప్, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నె. ట్రక్కు ఇంజన్‌తో వచ్చే సంప్ లోతుగా ఉంటుంది. సీ10 క్రాస్‌మెంబర్ (ఛాసిస్ అడ్డు కమ్మీ) కంటే కిందికి వేలాడి, బండిని కిందికి దించితే స్పీడు బ్రేకరుకు మొదట తగిలేది అదే. అందుకే 1998–2002 షెవర్లే కమారో కారు సంప్ గానీ, ఇలాంటి స్వాపులకని చేసిన అల్యూమినియం సంప్ గానీ వేస్తారు. సంప్ మార్చినప్పుడు దానిలోంచి ఆయిల్ పీల్చే గొట్టం కూడా మార్చాలి. ఆ గొట్టం ఆయిల్ పంపులోకి దూరే చోట చిన్న ఓ-రింగ్ (రబ్బరు వలయం) ఉంటుంది. పంపు దగ్గర గొట్టాన్ని పట్టుకునేది ఒక పక్క ఒకే బోల్టు కాబట్టి, బిగించేటప్పుడు గొట్టం కాస్త వంకరపోయి రింగును నలిపేస్తుంది. నలిగిన రింగు ఆయిల్‌తోపాటు గాలిని కూడా పీలుస్తుంది. స్టార్ట్ చేయగానే ప్రెషర్ బాగానే ఉండి, వేడెక్కాక పడిపోతుంది. చాలామంది పంపును అనుమానించి కొత్తది కొంటారు. తప్పు రూపాయి ఖరీదు చేయని రింగుది. గొట్టానికి సరిపడే మందం ఉన్న రింగే తీసుకుని, ఆయిల్ రాసి, చేత్తో లోపలికి పూర్తిగా కూర్చోబెట్టాకే బోల్టు తగిలించాలి.

రెండోది పెట్రోలు. కార్బురేటర్‌కు 5 నుంచి 7 పీఎస్‌ఐ ఒత్తిడి చాలు. ఎల్‌ఎస్‌కు 58 పీఎస్‌ఐ కావాలి, అంటే దాదాపు 4 బార్. పాత రబ్బరు గొట్టాలు, పాత పంపు అక్కడే ఆగిపోతాయి. కొందరు ఛాసిస్‌కు బయట ఎలక్ట్రిక్ పంపు తగిలిస్తారు. పంపుకు పెట్రోలును నెట్టడం వచ్చు, కింది నుంచి లాగడం అంతగా రాదు. ట్యాంకు కంటే ఎత్తులో పెడితే, టెక్సస్ ఎండలో గొట్టంలో ఆవిరి నిండి బండి ట్రాఫిక్‌లో ఆగిపోతుంది. పంపు ట్యాంకు లోపలే మునిగి ఉండటం మేలు. 1999–2003 కార్వెట్ ఫిల్టర్‌లోనే రెగ్యులేటర్ ఉంటుంది, అది 58 దగ్గర ఆపి మిగిలిందాన్ని ట్యాంకుకు తిప్పి పంపుతుంది. చవకైన, నమ్మకమైన దారి.

ట్యాంకు ఎక్కడున్నదీ చూడాలి. ఈ తరం సీ10కు ఫ్యాక్టరీ ట్యాంకు క్యాబిన్‌లోనే, సీటు వెనక ఉంటుంది. మనిషి వీపుకు, పెట్రోలుకు మధ్య సీటు ఒక్కటే అడ్డు. అందుకే మంచి బండ్లలో దాన్ని తీసి తొట్టి కింద, ఛాసిస్ రెండు కమ్మీల మధ్య పెడతారు. మధ్యలో అన్నమాట ముఖ్యం. 1973 తర్వాతి తరంలో జనరల్ మోటార్స్ ట్యాంకులను కమ్మీలకు బయట పక్కన వేలాడదీసింది. పక్క నుంచి గుద్దితే మంటలు అంటుకుంటున్నాయన్న ఆరోపణలపై అమెరికా భద్రతా సంస్థ విచారణ జరిపింది. అది 1994లో ఒప్పందంతో ముగిసింది.

మూడోది చల్లదనం. ఎల్‌ఎస్ సిలిండర్ హెడ్లలో నీరు తిరిగే దారికి అన్నిటికంటే ఎత్తైన మూలల్లో చిన్న ఆవిరి రంధ్రాలుంటాయి. అక్కడ చేరిన ఆవిరి, గాలి సన్న గొట్టం ద్వారా రేడియేటర్ పైభాగానికి వెళ్లిపోవాలి. పాత ఇంజన్‌కు ఈ గొట్టం లేదు కాబట్టి స్వాప్ చేసేవాళ్లు కొందరు ఆ రంధ్రాలకు బిరడా కొట్టేస్తారు. హెడ్‌లో ఆవిరి బుడగ నిలబడుతుంది. టెంపరేచర్ ముల్లు ఒకసారి మామూలుగా, ఒకసారి గబుక్కున పైకి, మళ్లీ కిందికి ఆడుతుంది. బండి చూడటానికి వెళ్లినప్పుడు బానెట్ ఎత్తి, ఇన్‌టేక్ ముందు కొస దగ్గర ఆ సన్న గొట్టం ఎటు పోతోందో వెతకండి. అది రేడియేటర్‌కో వాటర్ పంపుకో చేరకుండా ఎక్కడో మూసేసి ఉంటే, ఆ పని చేసిన చేయి మిగతాచోట్ల ఎలా చేసిందో ఊహించుకోవచ్చు.

నాలుగోది వైరింగ్. యార్డు నుంచి తెచ్చిన ఇంజన్ కంప్యూటర్‌కు తన పాత బండి తాళంచెవి గుర్తుంటుంది. దొంగతనం కాపలా ప్రోగ్రాం తీసేయకపోతే స్టార్ట్ అయి రెండు సెకన్లలో ఆగిపోతుంది, ఎన్నిసార్లు తిప్పినా అంతే. పెట్రోలు అందట్లేదేమోనని గంటలు గంటలు వెతుకుతారు. ఇంకో తలనొప్పి ఎర్త్. ఛాసిస్‌ను అందంగా పౌడర్ కోటింగ్ చేయిస్తారు, దాని మీదే ఎర్త్ వైరు బిగిస్తారు. ఆ కోటింగ్ కరెంటును ఆపేస్తుంది. సెన్సర్లు ఒక్కోసారి ఒక్కో తప్పు చూపిస్తాయి. కోటింగ్ గీకి, ఇంజన్ బ్లాకు నుంచి ఛాసిస్‌కు ఒకటి, క్యాబిన్‌కు ఒకటి లావుపాటి ఎర్త్ పట్టీలు వేస్తే సగం జబ్బులు పోతాయి.

గేర్ల లెక్క: ఒక ఉదాహరణ

28 అంగుళాల టైరు ఒక్కసారి తిరిగితే బండి దాదాపు 2.23 మీటర్లు కదులుతుంది. గంటకు 110 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం నిమిషానికి దాదాపు 820 సార్లు తిరగాలి.

పాత మూడు గేర్ల ఆటోమేటిక్‌లో పై గేరు 1:1. వెనక ఇరుసులో క్రౌన్-పినియన్ నిష్పత్తి 3.73 అయితే ఇంజన్ 820 × 3.73, అంటే సుమారు 3,060 సార్లు తిరుగుతుంది. గంటల తరబడి ఆ చప్పుడు భరించలేం. 3.07 నిష్పత్తి వేస్తే 2,520కి దిగుతుంది. కానీ మొదటి గేరులో ఊపు పోతుంది: 2.52 × 3.07, అంటే ఇంజన్ తోపు ఇరుసు దగ్గరికి 7.7 రెట్లే అవుతుంది. ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాలి.

4ఎల్60ఈ గేర్‌బాక్స్‌లో మొదటి గేరు 3.06, నాలుగోది 0.70. 3.73 ఇరుసుతో మొదటి గేరులో 11.4 రెట్లు. హైవే మీద 820 × 3.73 × 0.70, అంటే 2,140 సార్లు. కదిలేటప్పుడు ఊపు దాదాపు ఒకటిన్నర రెట్లు, పరిగెత్తేటప్పుడు ఇంజన్‌కు విశ్రాంతి. ఇంజన్ మార్చకుండా గేర్‌బాక్స్ ఒక్కటే మార్చినా బండి కొత్తగా అనిపించడానికి కారణం ఇదే.

ఈ లెక్కకు రెండో వైపు కూడా ఉంది. ఇంజన్ దగ్గర 440 న్యూటన్ మీటర్ల టార్క్ (తోపు) ఉంటే, మొదటి గేరులో ఇరుసు దగ్గరికి వచ్చేసరికి రాపిడి నష్టాలు పక్కన పెడితే 5,000 దాటుతుంది. ఇరుసు కర్రలు, క్రౌన్-పినియన్ పళ్లు దాన్ని మోయాలి. 4ఎల్60ఈలో మూడు, నాలుగు గేర్లను పట్టే క్లచ్ ప్లేట్లు బలహీనమని పేరు. టర్బోలాంటిది తగిలించి శక్తి బాగా పెంచిన బండ్లలో ముందు జారేది అవే. అందుకే అలాంటివాళ్లు బరువైన 4ఎల్80ఈకి వెళ్తారు. గేర్‌బాక్స్ పొడవు మారితే షాఫ్టు కొలత కూడా మారుతుంది. కోసి, అతికించి, బ్యాలెన్స్ చేయించకపోతే 100 దాటగానే సీటు కింద వణుకు వస్తుంది.

బ్రేకులు: ఖర్చు మొదట పడాల్సిన చోటు

కదిలే బండిలోని శక్తి వేగానికి వర్గంలా పెరుగుతుంది. 1,800 కిలోల ట్రక్కు గంటకు 80 కిలోమీటర్ల మీద ఉంటే 444 కిలోజౌళ్లు, 120 మీద ఉంటే 1,000 కిలోజౌళ్లు. వేగం ఒకటిన్నర రెట్లే పెరిగింది, బ్రేకులు మింగాల్సిన వేడి రెండుంపావు రెట్లయింది.

1970 సీ10కు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. వేడెక్కితే డ్రమ్ము వ్యాకోచించి లైనర్లకు దూరం జరుగుతుంది, పెడల్ కిందికి పోతూ ఉంటుంది. డిస్కు వేడెక్కితే మందం పెరిగి ప్యాడ్ల వైపే వస్తుంది, గాలి కూడా నేరుగా తగులుతుంది. 1971 నుంచి ముందు డిస్కులు ఫ్యాక్టరీ నుంచే వచ్చాయి. అందుకే 1970 బండి యజమానులు 1971–72 ముందు భాగాలు తెచ్చి బిగిస్తారు. ఇక్కడో మెలిక ఉంది. 1971లోనే సీ10 చక్రం ఆరు బోల్టుల నుంచి ఐదు బోల్టులకు మారింది. ముందు ఐదు, వెనక ఆరు అయితే స్టెప్నీ ఏ పక్కకీ పనికిరాదు, చక్రాలు ఒకే జత దొరకవు. వెనక ఇరుసు కర్రలు కూడా మార్చాల్సిందే. ప్రకటనలో "ముందు డిస్కులు" అని ఉంటే నాలుగు చక్రాల బోల్టులూ లెక్కపెట్టండి.

ఖాళీ పికప్‌కు వెనక బరువు చాలా తక్కువ. గట్టిగా బ్రేకు వేస్తే ఉన్న కాస్త బరువూ ముందుకు వాలిపోతుంది. వెనక బ్రేకులకు ప్రెషర్ ఎక్కువ వెళ్తే ఆ చక్రాలు ముందే పట్టేసి బండి గిర్రున తిరుగుతుంది. ముందు, వెనక ప్రెషర్‌ను పంచే ప్రపోర్షనింగ్ వాల్వు కొత్త బ్రేకులకు తగ్గట్టు సరిచేయాలి. వెనక కూడా పెద్ద డిస్కులు పెట్టి ఈ వాల్వును పాతదే వదిలేసిన బండ్లు ప్రమాదం. కామ్‌షాఫ్ట్ మార్చి ఇంజన్‌కు గరగర శబ్దం తెచ్చినవాళ్లకు ఇంకో ముప్పుంది. అలాంటి ఇంజన్ ఐడిల్‌లో తగినంత వాక్యూమ్ ఇవ్వదు, దాంతో, ఆ వాక్యూమ్‌తోనే మన తొక్కుడుకు బలం కలిపే బ్రేకు బూస్టర్ ఉత్తదైపోతుంది. అప్పుడు పవర్ స్టీరింగ్ పంపు ప్రెషర్‌తో నడిచే హైడ్రోబూస్ట్ పెట్టాలి.

4/6 డ్రాప్ అంటే

ముందు 4 అంగుళాలు, వెనక 6 అంగుళాలు బండిని కిందికి దించారని. చవక పద్ధతి స్ప్రింగులు కోయడం. దించినంత మేరా చక్రం పైకి ఆడే జాగా పోతుంది, ప్రతి గుంతలోనూ రబ్బరు బుడిపెలకు కొట్టుకుంటుంది. మంచి పద్ధతిలో ముందు రెండున్నర అంగుళాలు స్పిండిల్ మార్చి దించుతారు. స్పిండిల్ మీద చక్రం బిగించే చోటే పైకి జరిగి ఉంటుంది కాబట్టి స్ప్రింగు ఆట తగ్గదు. మిగతా ఒకటిన్నర అంగుళాలు మాత్రమే పొట్టి స్ప్రింగుతో.

వెనక 6 అంగుళాలు దించితే ఇరుసు ఛాసిస్ కమ్మీకి తగులుతుంది. అందుకే కమ్మీ అడుగున అర్ధచంద్రాకారంలో కోసి, ఆ చుట్టూ మందపాటి రేకు బిగిస్తారు. దీన్ని సీ-నాచ్ అంటారు. కోసి బలం ఇవ్వకుండా వదిలేస్తే అక్కడే కమ్మీ చిట్లుతుంది. ఇంకో సంగతి కంటికి కనిపించేదే. ఇరుసు పక్కకు జరగకుండా పట్టుకునే ఒక అడ్డు కర్ర ఉంది, పాన్‌హార్డ్ బార్ అంటారు. బండి దిగేకొద్దీ అది వాలు మారి ఇరుసును ఒక పక్కకు నెడుతుంది. వెనక నిలబడి చూస్తే ఒక టైరు తొట్టి అంచుకు దగ్గరగా, ఇంకోటి లోపలికి ఉంటుంది. పొడవు సరిచేసుకునే బార్ పెట్టారా లేదా అన్నది దీంతోనే తెలిసిపోతుంది.

ఫ్యాక్టరీ ఛాసిస్ కమ్మీలు ఒక పక్క తెరిచి ఉన్న "సీ" ఆకారంలో ఉంటాయి, మెలిపడతాయి. శక్తి బాగా పెంచేవాళ్లు తెరిచిన పక్కకు రేకు వెల్డింగ్ చేసి పెట్టెలా మూస్తారు. ఏకబిగిన వెల్డింగ్ లాగితే వేడికి కమ్మీ వంగిపోతుంది, అక్కడో అంగుళం ఇక్కడో అంగుళం చల్లార్చుకుంటూ వేయాలి. 300 హార్స్‌పవర్‌తో రోజూ తోలే బండికి ఇదంతా అవసరమా అంటే, తుప్పు లేని ఛాసిస్ అయితే అక్కర్లేదనే చెప్పాలి. తుప్పుంటే మాత్రం ముందు దాని సంగతి చూడాలి. క్యాబిన్ వెనక కింది మూలలు, తలుపు కింద రాకర్ ప్యానెళ్లు, క్యాబిన్ మౌంటింగుల చుట్టూ ఉన్న నేల, ఈ మూడు చోట్లా అయస్కాంతం పెట్టి చూడండి. రేకు ఉంటే అంటుకుంటుంది, లప్పం ఉంటే జారిపోతుంది.

అసలును చెరపడమా, బతికించడమా

ఒక పక్షం వాదన: మార్చిన బండిని మళ్లీ వెనక్కి తేలేం, ఫ్యాక్టరీ ఇంజన్‌తో ఉన్నవి ఏటేటా తగ్గిపోతున్నాయి. ఇంకో పక్షం: ఇవి గడ్డిమోపులు మోసిన పని బండ్లు, యజమానులు అప్పుడే ఇంజన్లు మార్చుకుంటూ వాడారు. ఇవాళ్టి రోడ్డు మీద నడవకపోతే షెడ్డులో తుప్పు పట్టి పోతాయి. రెండిట్లోనూ నిజం ఉంది, కాకపోతే బండిని బట్టి. 1972 షయన్ సూపర్‌లాంటి పై రకం బండి, పుట్టుకతో వచ్చిన ఇంజన్‌తో దొరికితే దాన్ని కోయడం నాకు మనసొప్పదు. ఆరు సిలిండర్ల ఇంజన్‌తో, రంగు పోయి, తొట్టి సొట్టలు పడిన బండికి ఎల్‌ఎస్ పెడితే ఎవరికీ నష్టం లేదు.

ధర విషయంలో చిన్న తొట్టి మోజు వల్ల ఒక వ్యాపారం పుట్టింది. 127 అంగుళాల ఛాసిస్‌లోంచి 12 అంగుళాలు కోసి అతికించి, చిన్న తొట్టి ఎక్కించి అమ్ముతారు. బాగా అతికిస్తే తప్పేమీ లేదు, చెప్పి అమ్మితే చాలు. చెప్పకపోతే తెలుసుకునే దారుంది. గ్లవ్ బాక్స్ మూత లోపల ఫ్యాక్టరీ అంటించిన కాగితం ఉంటుంది. అందులో మోడల్ నంబరు 107తో మొదలైతే పుట్టుకతోనే చిన్న తొట్టి, 109 అయితే పెద్దది. నంబరు ముందు అక్షరాల్లో "ఈ" ఉంటే వీ8తో పుట్టింది, "ఎస్" ఉంటే ఆరు సిలిండర్లతో. ఆ కాగితం మీది బండి నంబరు, తలుపు చట్రం దగ్గర రేకు మీది నంబరు ఒకటేనో కాదో కూడా చూసుకోవాలి. మూత ఇంకో బండిది కావచ్చు.

బ్యాటరీ దారి పట్టినవాళ్లు కూడా ఉన్నారు. ఫోర్డ్ 2021లో 1978 ఎఫ్-100 ట్రక్కుకు మస్టాంగ్ మాక్-ఈ కారు మోటార్లు రెండు పెట్టి 480 హార్స్‌పవర్ బండి చూపించింది. ఒక్క మోటారును 3,900 డాలర్లకు విడిగా అమ్మింది కూడా. కానీ ఆ ధరలో బ్యాటరీ లేదు, ఇన్వర్టర్ లేదు. ఇంజన్‌కు చెప్పుకున్న, ఒకటి మారిస్తే ఇంకోటి మార్చాల్సిన గొలుసే ఇక్కడ వేరే రూపంలో మొదలవుతుంది.

చట్టం ఏమంటుంది

కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడళ్లకు పొగ తనిఖీ లేదు. ఈ తరం సీ10లన్నీ అందులోకి వస్తాయి. టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత వాహనాలకు ఏటా చేసే భద్రతా తనిఖీ తీసేశారు. అంటే పైన చెప్పిన బ్రేకులు, వెల్డింగులు సరిగా ఉన్నాయో లేదో చూసే బాధ్యత పూర్తిగా కొనేవాడిదే.

ఇలాంటి పని మన దగ్గర చేయవచ్చా అని హైదరాబాద్, విజయవాడల నుంచి అడిగేవాళ్లకు జవాబు వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. సీఎన్‌జీ, బ్యాటరీలాంటి ఆమోదం పొందిన కిట్లకు విడిగా వీలుంది. 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021 జులైలో కేంద్రం వింటేజ్ నిబంధనలు తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, నంబరు ప్లేటు మీద "వీఏ" అక్షరాలు. అయితే ఛాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలోనే ఉండాలన్నది ఆ నిబంధనల షరతు. ఎల్‌ఎస్ ఎక్కించి సీ-నాచ్ కోసిన 1970 సీ10కు వయసు సరిపోయినా ఆ ప్లేటు రాదు.